గోడ మీది ఖాళీ ఒర

నాడి మేస్త్రికి కారు ఏసీలు బాగుచెయ్యడం రాదని ఎవరూ అనలేరు. అన్నవాళ్ళు ఆ షెడ్డులో ఎక్కువ రోజులు ఉండలేదు. ఆయన పద్ధతే వేరు. అందరూ బండి చూసి జబ్బు చెబితే ఆయన జబ్బు చెప్పి బండి చూస్తాడు. కారు లోపలికి రాగానే బానెట్ ఎత్తడు, మీటరు తగిలించడు. డ్రైవరు సీటులో కూర్చుని, చల్లగాలి వచ్చే జాలీ ముందు అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, రోగి నాడి పట్టుకున్న వైద్యుడిలా ఒక నిమిషం ఉండిపోతాడు. ఆ తర్వాత కళ్ళు తెరిచి తీర్పు చెబుతాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆ తీర్పు "గ్యాసు తక్కువ" అనే. ఇక ఆ మాట నిజమయ్యేదాకా పనివాళ్ళు ఒకదాని తర్వాత ఒకటిగా సామాన్లు మారుస్తూ పోతారు. ఎక్కడో ఒకచోట కుదిరి చల్లగాలి వస్తుంది. "చూశారా, నేను ముందే చెప్పలేదూ?" అంటాడు మేస్త్రి. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. నాలుగోది ఎవరికైనా కనబడిందంటే వాళ్ళు కళ్ళు చూపించుకోవాలి.

ఆ షెడ్డులో, రెంచీలు వరసగా తగిలించిన చెక్క పైన, ఒక మేకుకు తోలు ఒర వేలాడుతూ ఉంటుంది. జానెడు పొడవు, వేలెడు వెడల్పు. లోపల ఏమీ లేదు. లేకపోవడమే దాని గొప్ప. కొత్తవాళ్ళు ఎవరైనా "అదేంటి మేస్త్రీ?" అని అడిగితే చాలు. ఆ మాటకొస్తే, అడక్కపోయినా చాలు.

"అందులో మా గురువుగారి థర్మామీటరు ఉండేదండీ," అని మొదలుపెడతాడు. "సన్నటి పొడుగు స్టీలు పుల్ల, పైన చిన్న గడియారం లాంటి మొహం. గాలి ఎంత చల్లగా వస్తుందో పావు డిగ్రీ తేడా లేకుండా చెప్పేది. ఆయన పని మానేసిన రోజు నా చేతిలో పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సొంతమనిషి కదా అని మా ఆవిడ తమ్ముడికి షెడ్డు తాళాలిచ్చాను. ఏం చేశాడో చూశారుగా." ఇక్కడ ఒక నిట్టూర్పు. "అందుకే ఆ ఒర అక్కడ ఉంచాను. ఎవరినైనా నమ్మాలనిపించినప్పుడు ఒక్కసారి దాని వంక చూస్తాను."

పాడిందే పాట. కాఫీ కొట్టు దగ్గర, స్పేర్‌పార్టుల షాపులో, పంక్చర్లు వేసేవాడి ముందు కూడా ఇదే పాట. పాడేకొద్దీ చరణాలు పెరిగాయి కూడా. మొదటి నెలలో బామ్మర్ది ఆ థర్మామీటరు "బాగుంది బావా" అన్నాడు. ఆరు నెలలకు దాని మీద కన్నేశాడు. రెండేళ్ళు తిరిగేసరికి తాళాలు చేతికి రాకముందే పథకం వేశాడు. మరో ఏడాది గడిస్తే పుట్టగానే దొంగచూపులు చూశాడని తేలేది.

మేస్త్రి భార్య అదే షెడ్డులో, మూలనున్న బల్ల దగ్గర కూర్చుని జాబ్ కార్డులు రాస్తుంది. ఏ కారు వచ్చింది, ఏం చేశారు, ఎన్ని గంటలకు పని ముగిసింది, చివరికి గాలి ఎన్ని డిగ్రీలు చూపించింది, అన్నీ ఆవిడ రాతలోనే ఉంటాయి. ఆయన ఒర కథ మొదలుపెట్టగానే ఆవిడ సొరుగు తెరిచి అందులో ఏదో చూసుకుంటుంది. కథ అయిపోయాక సొరుగు మూస్తుంది. ఈ పని రెండేళ్ళలో ఎన్నిసార్లు చేసిందో ఆవిడకే తెలియాలి. మేస్త్రి మాత్రం గమనించలేదు. ఆయన కథ చెప్పేటప్పుడు వినేవాళ్ళ మొహాలు తప్ప మరొకటి చూడడు.

జరిగింది ఇంతే. ఒక సాయంత్రం చూస్తే ఒర ఖాళీగా ఉంది. తాళం వెయ్యడానికి అప్పుడే వచ్చిన బామ్మర్ది తప్ప షెడ్డులో మరొకరు లేరు. మర్నాడు పొద్దున్నే పనివాళ్ళందరి ముందు మేస్త్రి అతని భోజనం సంచి తీసుకుని బల్ల మీద బోర్లించాడు. ఒక డబ్బా, ఒక చెంచా, మడతపెట్టిన చేతిగుడ్డ పడ్డాయి. థర్మామీటరు పడలేదు. పడలేదంటే వీడు మామూలు దొంగ కాదు, ముదురు దొంగ అని మేస్త్రి తేల్చేశాడు. బామ్మర్ది చెంచా డబ్బాలో పెట్టుకుని, డబ్బా సంచిలో పెట్టుకుని, తాళాల గుత్తి అక్క ముందు ఉంచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు కాలవ వంతెన అవతల అతనికి సొంత షాపు ఉంది.

అప్పటిదాకా షెడ్డులో ప్రతి పనిముట్టు మీదా ఒక ఎర్రటి చుక్క ఉండేది. ఇతరుల సామాన్లలో కలిసిపోకుండా మేస్త్రి భార్య తన గోళ్ళరంగుతో పెట్టిన గుర్తు. ఆ పొద్దుటినుంచి ఆవిడ గుర్తులు పెట్టడం మానేసింది. ఎందుకని మేస్త్రి అడిగితే, "దొంగ వెళ్ళిపోయాడుగా, ఇంకెందుకు?" అంది. ఆ మాట ఆయనకు సబబుగానే తోచింది.

ఇలా కడుపులో చల్ల కదలకుండా రోజులు వెళ్ళిపోతుండగా టీచరమ్మ కారు వచ్చింది.

"మా కారులో ఒక పక్క చలికాలం, ఒక పక్క ఎండాకాలం మేస్త్రీ," అంది ఆవిడ. "డ్రైవరు వైపు ఏసీ బానే వస్తుంది. పక్క సీటు వైపు వేడిగాలి కొడుతుంది. అదీ ఎప్పుడూ కాదు. స్కూలుకి వెళ్ళేటప్పుడే. ఇంటికొచ్చేటప్పుడు శుభ్రంగా ఉంటుంది."

"కారుకి కూడా స్కూలంటే భయమేమోనమ్మా," అన్నాడు మేస్త్రి. పనివాళ్ళు నవ్వారు. నవ్వాలి మరి.

టీచరమ్మ నవ్వలేదు. రెండేళ్ళుగా ఈ మాట చెబుతూనే ఉందట. అప్పట్లో కారు నడిపేది ఆవిడ భర్త, పక్క సీటులో కూర్చునేది ఆవిడ. ఉక్కగా ఉందని ఆవిడంటే, "నాకు చల్లగానే ఉంది, నీదంతా భ్రమ" అనేవాడట ఆయన. మొన్నీమధ్య ఆయనకు మోకాలు పట్టేసింది. కారు నడపొద్దన్నాడు డాక్టరు. స్టీరింగు ఆవిడ చేతికి వచ్చింది, పక్క సీటు ఆయన వాటాకు వచ్చింది. మొదటిరోజే కొండ మీద స్కూలు పక్కనున్న తన ఆఫీసు చేరేసరికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. "ఈ కారుకేదో జబ్బు చేసింది, వెంటనే చూపించు" అన్నాడట. మగవాడికి చెమట పట్టిన రోజునే భ్రమ కాస్తా జబ్బు అయిపోతుంది.

మేస్త్రి సీటులో కూర్చుని, అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"గ్యాసు తక్కువ."

తగిలించి చూస్తే గ్యాసు సరిగ్గా ఉన్నట్టు మీటరు చూపించింది. "ఈ మీటరు పాతదైపోయింది," అన్నాడు మేస్త్రి. ఉన్న గ్యాసు తీసి మళ్ళీ అంతే గ్యాసు పట్టించాడు. షెడ్డులో రెండు పక్కలా మంచులా వచ్చింది. టీచరమ్మ మర్నాడు స్కూలుకు వెళ్ళింది. పక్క సీటులో భర్త మళ్ళీ ఉడికాడు.

రెండోసారి మేస్త్రి కొంచెం లోతుకు వెళ్ళాడు. డ్యాష్‌బోర్డు వెనక ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. గాలిని చల్లబరిచే కాయిల్, వేడిచేసే కాయిల్ రెండూ అందులోనే. ఏ సీటుకు ఎంత చలువ, ఎంత వేడి పంపాలో చూసుకోవడానికి ఒక్కో వైపు ఒక్కో చిన్న తలుపు ఉంటుంది. దాన్ని ఫ్లాపు అంటారు. ఆ ఫ్లాపును తిప్పే మోటారు పోయిందన్నాడు మేస్త్రి. పోలేదు. అయినా కొత్తది వేశాడు. షెడ్డులో మళ్ళీ మంచు, కొండ మీద మళ్ళీ పొయ్యి.

మూడోసారి టీచరమ్మ ఒక నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. తేదీ, వేళ, ఎండ ఎంత ఉంది, వేడిగాలి ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని గీతలు గీసి గళ్ళు కట్టి రాసుకుంది.

"పద్దెనిమిది ప్రయాణాలు రాశాను. పద్దెనిమిదిసార్లూ ఒకటే చోటు. నీళ్ళ ట్యాంకు దాటాక రోడ్డు ఎత్తు ఎక్కుతుంది చూడండి, అక్కడ మొదలు. తిరిగొచ్చేటప్పుడు కిందికి దిగడం మొదలవగానే ఆగిపోతుంది. మా పిల్లలకి నేను చెప్పేది ఇదే, ముందు రాసుకోండి, తర్వాత చెప్పండి అని."

ఆ చివరి మాట ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కొండ మీద గాలి పలచనమ్మా. ఏసీ అందుకోలేదు."

"గాలి పలచనైతే రెండు సీట్లకీ పలచనే కదా? నా వైపు చల్లగా ఎందుకొస్తుంది?"

 తెలియదు అనే మాట ఆ షెడ్డులో ఎవరూ ఎన్నడూ అనలేదు, అది ఎలా పలకాలో కూడా మేస్త్రికి తెలియదు. "బండి ఇక్కడ వదిలెయ్యండి, నాలుగు రోజులు చూద్దాం," అన్నాడు.

"వద్దులెండి. వంతెన అవతల ఒకతను ఉన్నాడట. చెవితో విని చెబుతాడంటున్నారు."

 పనివాళ్ళు తలలు వంచుకుని ఎక్కడి పని అక్కడ మొదలుపెట్టారు. మేస్త్రి మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచకుండా, బాధ నిండిన స్వరంతో, ఒర వైపు వేలు చూపించాడు. కథ మొదలైంది. గురువుగారు వచ్చారు, కళ్ళనీళ్ళు వచ్చాయి, తాళాలు వచ్చాయి, పథకం వచ్చింది. మూల బల్ల దగ్గర సొరుగు తెరుచుకుంది. టీచరమ్మ మొత్తం విని నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది.

"దొంగతనం సంగతి నాకు తెలీదండీ. చెవులు బానే ఉన్నాయంటున్నారు కదా, చూపిస్తాను," అని కారు ఎక్కి వెళ్ళిపోయింది. సొరుగు మూసుకుంది.

ఆ రెండు రోజులూ మేస్త్రికి అన్నం సహించలేదు. ఒక కారు పోతే పోయింది, ఆయన బాధ దాని గురించి కాదు. నాడి మేస్త్రి మూడుసార్లు చూసి తేల్చలేని జబ్బును ఆ దొంగ వెధవ ఒక్కసారికే తేల్చాడంటే రేపు కాఫీ కొట్టు దగ్గర ఎవరి కథ చెప్పుకుంటారు? ఈ ఒర వంక ఎవరు చూస్తారు? రెండేళ్ళుగా ఆయన ఆ ఖాళీ తోలుముక్క మీద కూర్చుని పెద్దమనిషిగా బతుకుతున్నాడు. అది కదిలితే తాను కింద పడతానని ఆయనకు లోపల ఎక్కడో తెలుసు.

మూడో రోజు టీచరమ్మ కారు మళ్ళీ ఆయన షెడ్డు ముందే ఆగింది. ఆవిడ నోరు తెరవకముందే మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

"చేతకాలేదన్నమాట!"

"చేతకాక కాదు. అరగంటలో చెప్పేశాడు," అంది టీచరమ్మ. "నన్ను నడపమని తను పక్క సీట్లో కూర్చున్నాడు. డ్యాష్‌బోర్డుకి చెవి ఆనించాడు. నీళ్ళ ట్యాంకు దాటి ఎత్తు మొదలవగానే లోపల టక్కుమంది. వెనక్కి తిప్పి కిందికి దిగుతుంటే మళ్ళీ టక్కుమంది. 'పెట్టెలో ఏదో దొర్లుతోందండీ' అన్నాడు. ఎత్తు ఎక్కితే వెనక్కి దొర్లి పక్క సీటు ఫ్లాపుకి అడ్డం పడుతుందట. అది మూసుకోలేక తెరుచుకోలేక మధ్యలో ఇరుక్కుంటుందట. దిగేటప్పుడు ముందుకి జారిపోతుందట. మీ షెడ్డు నేల చదును కదా, ఇక్కడ తెలియదన్నాడు."

"తెలిస్తే మరి తియ్యలేదేం?"

"అదే అడిగాను. ఈ పెట్టె ఎవరైనా విప్పారా అన్నాడు. రెండేళ్ళ కిందట మీరు కూలింగ్ కాయిల్ మార్చారు కదా, ఆ జాబ్ కార్డు కారులోనే ఉంది, చూపించాను. తేదీ చూశాడు. మళ్ళీ ఒకసారి చూశాడు. తర్వాత 'నేను విప్పనండీ' అన్నాడు. 'నేను తీస్తే నేనే పెట్టానంటారు. విప్పినవాళ్ళ చేతే మళ్ళీ విప్పించండి. టార్చి మాత్రం మా అక్కని పట్టుకోమనండి' అన్నాడు."

మేస్త్రి పకపకా నవ్వాడు. చేతకానివాడి మాటలు ఎప్పుడూ ఇలా చుట్టు తిరిగే వస్తాయని పనివాళ్ళకు వివరించాడు. లోపల ఏ స్క్రూనో ఊడిపడి ఉంటుందని కూడా అన్నాడు. మూల బల్ల దగ్గర ఆయన భార్య అప్పటికే లేచి నిలబడింది. సొరుగులోంచి టార్చి తీసి, సెల్లులు సరిచూసుకుని, కారు దగ్గరికి వచ్చింది.

"విప్పండి," అంది.

డ్యాష్‌బోర్డు విప్పడమంటే తలనొప్పి పని. ముందు సీట్లు వెనక్కి జరిపి, అరలు ఊడదీసి, స్టీరింగు కిందికి దించి, ఏ వైరు ఎక్కడిదో గుర్తుపెట్టుకుంటూ పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. టీచరమ్మ సెలవు పెట్టి వచ్చింది కాబట్టి స్టూలు వేసుకుని కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంది. మేస్త్రి పనిలో ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. చెవితో జబ్బు చెప్పేవాళ్ళ మీద, వంతెన అవతలి షాపుల మీద నాలుగు విసుర్లు విసిరాడు. ఆయన భార్య చెయ్యి మార్చకుండా టార్చి పట్టుకుని నిలబడింది.

పెట్టె కింది మూత ఊడింది. ఫ్లాపు కనబడింది. మేస్త్రి పక్కకు ఒరిగి చెయ్యి లోపలికి పెట్టాడు. వేళ్ళకు చల్లగా, సన్నగా, పొడుగ్గా ఏదో తగిలింది. చివరన గుండ్రంగా, గాజుబిళ్ళలాగా.

ముప్పై ఏళ్ళుగా నాడి చూస్తున్నానని చెప్పుకునే ఆ చెయ్యి జీవితంలో మొదటిసారి నిజంగా నాడి చూసింది. కంటితో చూడకుండానే ఆయనకు మొత్తం తెలిసిపోయింది. ఆ రోజు కాయిల్ బిగించే ముందు నీళ్ళు పోయే కన్నం పూడుకుపోయి ఉంది. పుల్ల కోసం అటూ ఇటూ చూశాడు. బల్ల మీద గురువుగారి థర్మామీటరు కనబడింది. పూజలో పెట్టాల్సిన వస్తువు అని ఊరందరికీ చెప్పుకున్నదాన్ని తీసుకుని మురికి కన్నం పొడిచాడు. పొడిచి పెట్టె అంచున పెట్టాడు. కాయిల్ పెట్టాడు. మూత వేశాడు.

మాటలు ఆగిపోయాయి. చెయ్యి లోపలే ఉంది.

"దొరికిందా?" అంది భార్య.

"లేదు."

తేలు కుట్టిన దొంగ పరిస్థితి అంటారు చూడండి, అదే. ఆ వస్తువును ఇంకా లోపలికి తోసేస్తే ఎలా ఉంటుందని ఆయన వేళ్ళు ఆలోచిస్తున్నాయి. తోస్తే అది ఎప్పటికీ బయటికి రాదు. కారు కొండెక్కిన ప్రతిసారీ టీచరమ్మ భర్త చెమటలు కక్కుతాడు, అంతే కదా. మేస్త్రి ఆ ఆలోచన చేశాడని ఒప్పుకోవాలి. టార్చి వెలుతురు నెమ్మదిగా జరిగి ఆయన మణికట్టు పక్కన ఆగింది.

"ఎర్ర చుక్క కనబడుతోంది," అంది భార్య. "చెయ్యి బయటికి తీయండి."

తీశాడు. డయలు మీద గాజు పగిలింది. పుల్ల కొంచెం వంగింది. గోళ్ళరంగు చుక్క మాత్రం నిన్న పెట్టినట్టు ఉంది. పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ ఎర్ర కలం మూత పెట్టింది.

కుక్కతోక వంకర ఊరికే పోదు. "వాడే ఇందులో పడేసి ఉంటాడు," అన్నాడు మేస్త్రి. "దొరికిపోతానని భయపడి."

భార్య బల్ల దగ్గరికి వెళ్ళి సొరుగులోంచి ఒక కాగితం తెచ్చింది. రెండేళ్ళు తీసి పెట్టి తీసి పెట్టి మడతల దగ్గర చిరిగిపోయిన కాగితం. టీచరమ్మ కారు జాబ్ కార్డు నకలు.

"చదవండి. పని ముగిసింది నాలుగింటికి. చివరిగా గాలి ఎన్ని డిగ్రీలు అన్న గడి ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీ? నేను అడిగితే 'చెయ్యి పెట్టి చూశాలే' అన్నారు. నాలుగింటికే థర్మామీటరు లేదు. వాడు ఆ రోజంతా మా అమ్మతో ఆసుపత్రిలో ఉన్నాడు. షెడ్డుకి వచ్చింది ఆరింటికి."

"ఇది నువ్వు అప్పుడే చెబితే..."

"ఆ సాయంత్రమే చూపించాను. 'తమ్ముణ్ణి వెనకేసుకు రాకు' అన్నారు. కాగితం కనీసం చూడలేదు. థర్మామీటరు ఎక్కడుందో అప్పుడు నాకు తెలీదు. ఎవరు తియ్యలేదో మాత్రం తెలుసు."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నయం. వాడు కనీసం పక్కింటివాణ్ణి జైల్లో పెట్టించలేదు. మేస్త్రికి సిగ్గు వేసింది. నిజంగానే వేసింది. కానీ సిగ్గు వేసినప్పుడు ఏం చెయ్యాలో అలవాటు లేనివాడు కనక, తెలిసిన పనే చేశాడు. థర్మామీటరును గుడ్డతో తుడిచి, "సరేలే, దొరికింది కదా, ఇంక అయిపోయింది," అంటూ గోడ వైపు నడిచాడు. మేకు ఉంది. ఒర లేదు. అది అప్పటికే భార్య చేతిలో ఉంది.

"అయిపోలేదు," అంది ఆవిడ. "రెండేళ్ళు కథ చెప్పారు. మిగిలింది కూడా చెప్పండి. విన్నవాళ్ళందరికీ."

మేస్త్రి చుట్టూ చూశాడు. దగ్గరలో ఉన్న శ్రోత టీచరమ్మే. "థర్మామీటరు నేనే అందులో మర్చిపోయానమ్మా," అన్నాడు నేల చూస్తూ.

"మొదటి భాగం చెప్పినప్పుడు చాలాసేపు పట్టింది," అంది టీచరమ్మ. తర్వాత జాలిపడిందో ఏమో, "పెట్టె బిగించండి, నేను వెళ్ళాలి," అంది.

మర్నాడు మేస్త్రి వంతెన దాటాడు. దారి పొడవునా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. మనిషన్నాక పొరపాటు సహజమని, బంధుత్వం వస్తువుల కంటే గొప్పదని, గతాన్ని తవ్వుకోకూడదని అందులో మంచి మంచి మాటలు ఉన్నాయి. బామ్మర్ది షాపు ముందు కూర్చుని ఒక ఫిల్టరు దులుపుతున్నాడు. తలెత్తి చూసి, లేచి, పీట జరిపాడు. ఆ పీట చూసేసరికి ఉపన్యాసం మొత్తం ఎగిరిపోయింది.

"దొరికింది," అన్నాడు మేస్త్రి.

"ఎక్కడ?"

"పెట్టెలో."

"ఎవరు పెట్టారు బావా?"

మేస్త్రి కాసేపు ఫిల్టరు వంక చూశాడు. "నేనే," అన్నాడు. "తప్పు నాది. నీ సంచి బోర్లించకూడదు."  జేబులోంచి థర్మామీటరు తీసి చాచాడు. "ఇది నువ్వు ఉంచుకో. గాజు వేయించాను."

బామ్మర్ది చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. పుల్ల వంపు వేలితో సరిచేశాడు. వెలుతురులో పట్టి ముల్లు చూశాడు. మళ్ళీ బావ చేతిలోనే పెట్టేశాడు.

"ఇది నా దగ్గర కనబడితే ఏమనుకుంటారో నీకు తెలీదా?"

మేస్త్రి దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"స్పేర్‌పార్టుల షాపుకి వెళ్తే ఇప్పటికీ ఆయన నన్ను చూడగానే బల్ల మీద ట్రే లోపలికి జరుపుకుంటాడు బావా. వాల్వులు, ఓ-రింగులు, అన్నీ చిన్న చిన్నవి ఉంటాయే, ఆ ట్రే. రెండేళ్ళుగా జరుపుతూనే ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, నువ్వు చెప్పింది నమ్మాడు. నాకు థర్మామీటరు వద్దు. అక్కడికొచ్చి ఒక్కసారి చెప్పు."

ఇద్దరూ నడిచి వెళ్ళారు. స్పేర్‌పార్టుల షాపు వాళ్ళిద్దరి షాపులకూ మధ్యలో ఉంటుంది. కొట్టు ముందు నలుగురైదుగురు మెకానిక్కులు ఉన్నారు, ఏ మాటైనా సాయంత్రానికి ఊరంతా చేర్చగల సమర్థులు. కొట్టాయన బామ్మర్దిని చూశాడు. చెయ్యి దానంతటదే కదిలి ట్రేను ఒక జానెడు లోపలికి జరిపింది. బామ్మర్ది రోజూ చూసేదే కాబట్టి చూడలేదు. మేస్త్రి చూశాడు. ఇన్నాళ్ళూ తాను చెప్పిన కథ ఎక్కడికి వెళ్ళి ఏం పని చేస్తోందో ఆయన కళ్ళారా చూడడం అదే మొదటిసారి. ఆ జానెడూ ఆయన గుండెలోంచి జరిగినట్టయింది.

థర్మామీటరు తీసి బల్ల మీద పెట్టాడు.

"మా గురువుగారిది. పోయిందని చెప్పాను కదా. వీడు తీశాడని చెప్పాను. మీ అందరికీ చెప్పాను. వీడు తియ్యలేదు. మురికి కన్నం పొడవడానికి నేనే తీసి, కారు పెట్టెలో మర్చిపోయి, మూత బిగించాను. వీడి సంచి అందరి ముందు బోర్లించింది నేనే. పథకాలూ అవీ నేను కల్పించి చెప్పినవే. మా ఆవిడ ఆ సాయంత్రమే కాగితం చూపించింది. నేను చూడలేదు."

 ఒక మెకానిక్కు దగ్గాడు. కొట్టాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని థర్మామీటరు చూశాడు, బామ్మర్దిని చూశాడు, ఆఖరికి మేస్త్రిని తలనుంచి కాళ్ళదాకా చూశాడు. తర్వాత ట్రే అంచు పట్టుకుని బామ్మర్ది ముందుకు జరిపాడు. మేస్త్రి వైపు అంచును మాత్రం రెండు వేళ్ళతో ఇంకొంచెం లోపలికి లాక్కున్నాడు.

"ఏం కావాలి నాయనా?" అన్నాడు బామ్మర్దితో.

"రెండు ఓ-రింగులు," అన్నాడు బామ్మర్ది. ట్రేలో చెయ్యి పెట్టి తనకు కావలసినవి తనే ఏరుకున్నాడు.